మోకీళ్ళ అరుగుదలకి శల్లకి, పసుపు క్యాప్సూళ్ళు: ఏది, ఎంత, ఎన్నాళ్ళు?

ఉదయగిరి_మిట్ట:

అమ్మకి 62 ఏళ్ళు. ఉదయగిరి దగ్గర పల్లె. రెండు మోకాళ్ళూ నొప్పే, కుడిది ఎక్కువ. ఎక్స్‌రేలో గ్రేడ్ 2 అరుగుదల అన్నారు. పొద్దున లేవగానే పది నిమిషాలు బిగుసుకుని ఉంటాయి, నాలుగడుగులు వేస్తే సర్దుకుంటాయి. సాయంత్రానికి కుడి మోకాలు కాస్త ఉబ్బుతుంది. వేసుకునే మందులు: షుగర్‌కి మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా, బి.పి.కి టెల్మిసార్టన్ 40, రక్తం పలచబడటానికి ఎకోస్ప్రిన్ 75 (ఆస్పిరిన్). డైక్లోఫెనాక్ నొప్పి మాత్రలు కిడ్నీకి మంచిది కాదని డాక్టర్ వద్దన్నారు, దాని పైపూత జెల్ రాశారు. అది పనిచేయడం లేదంటుంది.

బంధువులు తలా ఒక ఆకు చెబుతున్నారు. వావిలాకు, నల్లేరు, పారిజాతం, జిల్లేడు. మందుల షాపులో శల్లకి క్యాప్సూళ్ళు, పసుపు క్యాప్సూళ్ళు చూపించారు. రెండిట్లో ఏది మేలు? ఎంత మోతాదు? వంటింటి పసుపే పాలల్లో కలిపి ఇస్తే సరిపోదా? నెలన్నరగా ఒకాయన దగ్గర తెచ్చిన, పేరూ నంబరూ లేని ఆకుపొడి పొట్లాలు కూడా వేసుకుంటోంది, రోజుకి రెండు. మూడో రోజుకే నొప్పి సగం పోయింది. దాంతో పాటు శల్లకి కలిపి వేయొచ్చా?

మాత్రల_పెట్టె:

ముందు శల్లకి. ఇది అందుగు చెట్టు బంక. బెరడుకి గాటు పెడితే కారే జిగురు గట్టిపడి బంకవుతుంది. అందులో బాస్వెల్లిక్ ఆసిడ్లు ఉంటాయి. వాటిలో అసలు పనిమంతురాలు ఒకటుంది, దాన్ని పొట్టిగా ఎ.కె.బి.ఎ. అంటారు. కీలులో వాపుని ఎగదోసే ల్యూకోట్రైన్లు 5-లైపాక్సిజనేజ్ అనే ఎంజైమ్ వల్ల తయారవుతాయి. ఎ.కె.బి.ఎ. ఆ ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది. డైక్లోఫెనాక్ అడ్డుకునేది వేరే దారిని, అందుకే రెండిటి మంచిచెడ్డలూ ఒకటి కావు.

డబ్బా కొనేముందు వెనక వైపు తిప్పి చూడండి. “బాస్వెల్లియా సెర్రాటా ఎక్స్‌ట్రాక్ట్ 400 మి.గ్రా., బాస్వెల్లిక్ ఆసిడ్లు 65%” అని ఉందనుకోండి. ఆ 65 చూసి మురిసిపోతారు చాలామంది. అది ఎక్కువగా టైట్రేషన్ లెక్క. బంకలో ఉన్న ఆసిడ్లన్నిటినీ ఒకే గంపలో వేసి తూకం చెప్పే పద్ధతి. ఎ.కె.బి.ఎ. ఎంతో విడిగా రాయకపోతే, ఉన్నది కొద్ది శాతమే అనుకోవాలి. ఇంకో రకం డబ్బా మీద “100 మి.గ్రా., ఎ.కె.బి.ఎ. 30%” అని ఉంటుంది. అంటే 30 మి.గ్రా. అసలు సరుకు. చూడ్డానికి చిన్న అంకె, పని దీనిదే ఎక్కువ కావచ్చు. 400 పెద్దది, 100 చిన్నది అని బేరం చేయకండి.

పరీక్షల సంగతి. 2003లో నాగపూర్‌లో 30 మంది మీద మామూలు ఎక్స్‌ట్రాక్ట్ 333 మి.గ్రా. రోజుకి మూడుసార్లు, 8 వారాలు ఇచ్చి చూశారు. నొప్పి, వాపు తగ్గాయి, నడక పెరిగింది. ఎక్స్‌రేలో మాత్రం ఏ మార్పూ లేదు. 2008లో 75 మందికి 30% రకం 100 మి.గ్రా., 250 మి.గ్రా. చొప్పున 90 రోజులు ఇచ్చారు, అక్కడా నొప్పి తగ్గింది. ఆ సరుకు తయారుచేసే విజయవాడ కంపెనీ వాళ్ళే ఆ పరిశోధనలోనూ ఉన్నారు, ఆ సంగతి మనసులో పెట్టుకునే చదవాలి. 2014లో కోక్రేన్ అనే సంస్థ సమీక్ష పాత పరీక్షలన్నీ కలిపి చూసి, శుద్ధిచేసిన రకం 100 మి.గ్రా. వాడినవాళ్ళకి 90 రోజుల తర్వాత నొప్పి నూటికి 23, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్ళకి 40 అని తేల్చింది. 17 పాయింట్ల తేడా తక్కువేం కాదు. కాకపోతే అన్నీ చిన్న పరీక్షలే.

కాబట్టి మోతాదు: 30% రకమైతే రోజుకి 100 మి.గ్రా., మామూలు రకమైతే 333 నుంచి 400 మి.గ్రా. మూడు పూటలా. ఖాళీ కడుపున వేస్తే ఎక్కువ భాగం వంటికి పట్టదు. నూనో నెయ్యో ఉన్న భోజనంతో పట్టడం కొన్ని రెట్లు పెరుగుతుంది. మజ్జిగన్నం తిని వేసుకోవడం కాదు, పప్పన్నంలో నెయ్యి వేసుకున్న పూట వేసుకోవాలి. కడుపులో మంట, విరేచనాలు, ఒంటిమీద దురద కొందరికి వస్తాయి. దురదైతే ఆపేయండి.

ఇక వంటింటి పసుపు. పొడిలో అసలు పనిచేసే కర్క్యుమిన్ జాతి పదార్థాలు నూటికి మూడు పాళ్ళ దగ్గర ఉంటాయి. 2014లో థాయ్‌లాండ్‌లో 367 మంది మీద చేసిన పరీక్షలో రోజుకి 1500 మి.గ్రా. పసుపు ఎక్స్‌ట్రాక్ట్, 1200 మి.గ్రా. ఇబుప్రొఫెన్ నాలుగు వారాలకి నొప్పిలో దాదాపు సమానంగా నిలిచాయి. కడుపునొప్పి పసుపు వైపే తక్కువ. ఆ 1500లో కర్క్యుమిన్ జాతి 1200 మి.గ్రా. దాకా ఉంటుంది. అంత కావాలంటే వంటింటి పొడి 40 గ్రాములు తినాలి, రోజూ. పాలల్లో అర చెంచా పసుపు వేస్తే గొంతుకి హాయి, మోకాలికి లెక్కలోకి రాదు.

2020లో ఆస్ట్రేలియాలోని హోబార్ట్‌లో జరిగిన పరీక్ష ఇంకా ఆలోచింపజేస్తుంది. మోకాలిలో నీరు చేరి ఉబ్బినవాళ్ళనే 70 మందిని తీసుకుని 12 వారాలు పసుపు ఎక్స్‌ట్రాక్ట్ ఇచ్చారు. నొప్పి 100కి 9 పాయింట్లు అదనంగా తగ్గింది. ఎమ్మారై తీస్తే నీటి పరిమాణంలో మాత్రం తేడా కనపడలేదు. అంటే “వాపు కరుగుతుంది” అని డబ్బా మీద రాసిందాన్ని పట్టుకుని కూర్చోకండి.

అమ్మగారి విషయంలో పసుపు క్యాప్సూల్‌తో రెండు చిక్కులు. ఎకోస్ప్రిన్‌తో కలిస్తే రక్తం గడ్డకట్టడం ఇంకొంచెం మందగించొచ్చు, చిగుళ్ళ నుంచి రక్తం, కమిలిన మచ్చలు గమనించాలి. రెండోది, చాలా పసుపు క్యాప్సూళ్ళలో మిరియాల పైపెరిన్ కలుపుతారు. 1998లో బెంగళూరులో 2 గ్రాముల కర్క్యుమిన్‌కి 20 మి.గ్రా. పైపెరిన్ కలిపితే రక్తంలో చేరేది 20 రెట్లయింది. మంచిదే అనిపిస్తుంది, కానీ కాలేయం దెబ్బతిన్న కేసులు ఈమధ్య పలు దేశాల్లో నమోదయ్యాయి, వాటిలో పైపెరిన్ కలిపిన మాత్రలు వాడినవాళ్ళు ఉన్నారు. మూత్రం ముదురు పసుపు, ఆకలి చావడం, దురద కనపడితే అదే రోజు ఆపి ఎల్.ఎఫ్.టి. (కాలేయం రక్తపరీక్ష) చేయించాలి.

నా సలహా: పసుపు పక్కన పెట్టండి, శల్లకి ఒక్కటే మొదలుపెట్టండి. రెండూ ఒకేసారి మొదలెడితే దేనివల్ల మేలు, దేనివల్ల చెడు అన్నది తేలదు. డాక్టర్‌కి చెప్పే మొదలెట్టండి.

జెల్ పనిచేయలేదన్నారు, ఎంత రాస్తున్నారు? మోకాలికి ఒక్కసారికి 4 గ్రాములు, రోజుకి నాలుగుసార్లు అన్నది అసలు కొలత. 30 గ్రాముల ట్యూబు ఒక్క మోకాలికే రెండు రోజుల్లో ఐపోతుంది. బఠాణీ గింజంత రాసి నెల నడిపేవాళ్ళే ఎక్కువ. పైపూతలో రక్తంలోకి చేరేది మాత్రతో పోలిస్తే నూటికి ఆరు పాళ్ళ దగ్గరే. ఐనా కిడ్నీ లెక్క ఎట్టా ఉందో చూసి ఎంత రాయాలో డాక్టర్నే అడగండి.

గ్లూకోసమైన్ కూడా అంటగడతారు. అమెరికా రుమటాలజీ కాలేజీ 2019 మార్గదర్శకాల్లో మోకాలి అరుగుదలకి అది వద్దని గట్టిగానే రాశారు. డబ్బు దండగ.

కీలు_లెక్క:

పై సమాధానం బాగుంది గానీ, పొట్లం సంగతి ఎవరూ ఎత్తలేదేందబ్బా? అసలు ప్రమాదం అక్కడుంది.

ఏ ఆకూ మూడు రోజుల్లో అరుగుదల నొప్పిని సగం చేయదు. పైన చెప్పిన శల్లకికే వారాల లెక్క. మూడో రోజుకే తేలికైందంటే పొడిలో డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ గానీ, డైక్లోఫెనాక్ లాంటిది గానీ కలిసి ఉందని అనుమానించాలి. పేరులేని పొట్లం, తయారీ లైసెన్సు నంబరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, ఏముందో చెప్పడు. ఇన్ని కలిసొస్తే అనుమానం కాదు, జాగ్రత్త పడాల్సిన పని.

మిట్ట గారూ, స్టెరాయిడ్ ఉంటే కనపడే మూడు సంగతులు చెప్పండి. ఈ నెలన్నరలో షుగర్ ఎంత ఉంది? ఆకలి పెరిగిందా? ముఖం గుండ్రంగా ఉబ్బినట్టు ఉందా?

ఉదయగిరి_మిట్ట:

అన్నా, పరగడుపు షుగర్ అంతకుముందు 138 ఉండేది, పోయిన వారం 226. పెళ్ళి భోజనాల వల్ల అనుకున్నాం. ఆకలి బాగా వేస్తోందని సంతోషపడ్డాం కూడా. ముఖం నిండుగా ఉందని చూసినోళ్ళు అంటున్నారు. ఇప్పుడే ఆపేయించమంటారా?

కీలు_లెక్క:

ఆగండి. ఇంట్లోనే టక్కున ఆపేయకండి. మూడు వారాలు దాటి స్టెరాయిడ్ లోపలికి పోతుంటే కిడ్నీల పైన ఉండే మన అడ్రినల్ గ్రంథులు సొంతంగా కార్టిసాల్ (ఒంట్లో పుట్టే స్టెరాయిడ్) తయారుచేయడం తగ్గిస్తాయి. హఠాత్తుగా మానేస్తే బి.పి. పడిపోవడం, వాంతులు, నీరసం, స్పృహ తప్పడం దాకా పోవచ్చు. రేపే పొట్లాలు చేతిలో పట్టుకుని ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఉదయం 8 గంటలకి కార్టిసాల్ రక్తపరీక్ష, పొటాషియం, సోడియం, కిడ్నీకి క్రియాటినిన్, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్.బి.ఎ.1.సి. చూస్తారు. అవసరమైతే తెలిసిన మోతాదులో స్టెరాయిడ్ మాత్ర ఇచ్చి వారాల తరబడి మెల్లిగా తగ్గిస్తారు. షుగర్ మందు కూడా ఆ లెక్కనే మార్చాల్సి వస్తుంది, స్టెరాయిడ్ తగ్గేకొద్దీ షుగర్ కూడా దిగుతుంది కాబట్టి పెంచిన మందు అట్టాగే ఉంచేస్తే లో షుగర్ వస్తుంది.

ఈలోపు జ్వరమో వాంతులో వస్తే, తల తిరిగి పడిపోయేలా ఉంటే రేపటిదాకా ఆగొద్దు, అత్యవసర విభాగానికి పొండి. “పేరు తెలియని పొడి నెలన్నర వాడింది, స్టెరాయిడ్ అనుమానం” అని ముందే చెప్పండి. నల్లటి విరేచనం కనపడినా అంతే. ఎకోస్ప్రిన్‌తో స్టెరాయిడ్ గానీ నొప్పి మందు గానీ కలిస్తే కడుపులో పుండుకి అదే దారి.

మిగిలిన పొట్లాల్లో రెండైనా పారేయకుండా దాచండి. ఔషధ నియంత్రణ అధికారులకి ఇస్తే ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తారు.

పొడి తగ్గించేటప్పుడు నొప్పి పాత స్థాయికి, ఒక్కోసారి ఇంకా పైకి వస్తుంది. “ఆకుమందే మేలు” అని అమ్మగారు మళ్ళీ అడిగేది అప్పుడే. శల్లకి ఆ గొడవలోకి తేకండి. పొడి పూర్తిగా ఆగి, నొప్పి ఒక చోట నిలిచాక మొదలెట్టండి.

వావిలి_కంప:

ఆకుల గురించి అడిగారు కాబట్టి ఒక్కొక్కటీ.

వావిలాకు మనవైపు వాగుల గట్టున, చేల కంచెల్లో దొరుకుతుంది. ఈనెకి మూడో అయిదో ఆకులు, పైన ముదురు పచ్చ, అడుగున బూడిద తెలుపు. నలిపితే ఘాటు వాసన. లోపలికి తీసుకునే ఎక్స్‌ట్రాక్ట్‌గా మనుషుల మీద గట్టి ఆధారం లేదు. కాపడానికి, తైలానికి వాడుకోవచ్చు.

కాపడానికి రెండు గుప్పిళ్ళ ఆకు రెండు లీటర్ల నీళ్ళలో మూతపెట్టి పది నిమిషాలు మరగనివ్వాలి. తువ్వాలు ముంచి, పిండి, మోకాలికి చుట్టి పదిహేను నిమిషాలు. షుగర్ ఉన్నవాళ్ళకి కాళ్ళలో స్పర్శ తగ్గి ఉండొచ్చు, వాళ్ళకి వేడి తెలియదు. వేరేవాళ్ళు మోచేతి లోపలి వైపు పెట్టి చూసి, సుఖంగా ఉంటేనే వేయాలి. ఇంకోటి, బిగుసుకున్న కీలుకి కాపడం హాయి, ఉబ్బి వేడిగా ఉన్న కీలుకి కాదు. సాయంత్రం వాపున్నప్పుడు గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు చాలు.

తైలం కావాలంటే: అర కిలో ఆకు నాలుగు లీటర్ల నీళ్ళలో మరిగించి లీటరుకి దించి వడకట్టాలి. నువ్వుల నూనె పావు లీటరు, ఈ కషాయం లీటరు, మెత్తగా నూరిన వావిలాకు ముద్ద 60 గ్రాములు. గిన్నె నూనెకి ఆరేడు రెట్లు పెద్దది తీసుకోండి, చివర్లో నురుగు పొంగి పొయ్యి మీద పడేది చిన్న గిన్నెలోనే. సన్నని సెగ మీద గరిటెతో అడుగు కదుపుతూ ఉండాలి, ముద్ద అడుగున అంటుకుందా మాడు వాసన పోదు. దించాల్సిన సమయం ఎట్టా తెలుస్తుందంటే, గరిటెతో కొంచెం ముద్ద తీసి వేళ్ళ మధ్య వత్తిలా చుట్టండి. వేళ్ళకి అంటకుండా వత్తి వస్తే, దాన్ని మంటలో పెడితే చిటపటలాడకపోతే నీరు పోయినట్టు. చిటపటమంటే ఇంకా తడి ఉంది. ఆ తడితోనే సీసాలో పోస్తే కొన్నాళ్ళకి ముక్కిపోయిన వాసన, పైన బూజు. ముద్ద గట్టిపడి నల్లబడిందంటే దాటిపోయింది, ఆ తైలం పక్కన పడేయండి. వేడి మీదే గుడ్డలో వడకట్టి, బాగా చల్లారాక తడిలేని ముదురు రంగు గాజు సీసాలో పోయాలి. ఇంత చేసినా మేలులో సగం మర్దనదే అని నా అనుమానం. ఉబ్బిన రోజు గట్టిగా రుద్దకండి.

నల్లేరు తిండిగా బాగానే ఉంటుంది. లేత కణుపులు తీసుకుని, చేతికి నూనె రాసుకుని అంచుల నార లాగేసి, నూనెలో బాగా వేయించి చింతపండుతో పచ్చడి చేస్తారు కదా. ఆ నూనె, ఆ పులుపు లేకపోతే నోరంతా దురద, ఎందుకంటే కాడలో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళకి వద్దు. అరిగిన మృదులాస్థిని నల్లేరు మళ్ళీ పెంచుతుందనడానికి ఆధారం లేదు.

పారిజాతం కషాయం ఫోన్ల మీద తిరిగినంతగా మనుషుల మీద పరీక్షల్లో తిరగలేదు. జిల్లేడాకు వెచ్చచేసి ఆముదం రాసి కడతారు. తుంచినచోట కారే పాలు చర్మాన్ని బొబ్బలెక్కిస్తాయి, ఆ చేత్తో కన్ను నలిపితే నల్లగుడ్డు ఉబ్బి చూపు మసకబారుతుంది. చిత్రమూలం వేరు నూరి పట్టు వేయమని ఎవరన్నా చెబితే దణ్ణం పెట్టి వచ్చేయండి. పట్టు వేసినచోట కాలిన గాయంలా చర్మం లేచిపోతుంది. షుగర్ మనిషికి ఆ పుండు మానడం ఒక పెద్ద కథ.

పెన్నేరు గడ్డ, అంటే అశ్వగంధ, మన ఏటి పేరే పెట్టుకుంది కాబట్టి చెబుతున్నా. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో 60 మంది మీద 12 వారాల పరీక్షలో మోకాలి నొప్పి తగ్గింది. కానీ థైరాయిడ్ హార్మోన్లు పెంచగలదు, షుగర్ దించగలదు. ఇప్పుడున్న గందరగోళంలో వద్దు.

సాంబ్రాణి ధూపం బంకా శల్లకీ ఒకటే కదా అని ఇంట్లో పొడి చేసి మింగేవాళ్ళున్నారు. అంగట్లో సాంబ్రాణి పేరుతో నానా చెట్ల బంకలూ అమ్ముతారు. శేషాచలం కొండల్లో పెరిగే కొండ సాంబ్రాణి కూడా వేరే జాతి, పైగా అంతరించే ముప్పున్న చెట్టు. దాన్ని గాట్లు పెట్టి చంపొద్దు.

బోరునీళ్ళు:

ఊరు ఉదయగిరి వైపు అన్నారు కదా, తాగే నీళ్ళేంటి? ఉదయగిరి, పొదిలి, కనిగిరి పట్టీలో ఫ్లోరైడ్ సంగతి కొత్తది కాదు. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, కీళ్ళు బిగుసుకునే జబ్బు, ఎముకల ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో తొలి నివేదికలు 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచే వచ్చాయి. ఈ వైపు మోకీలు నొప్పంతా అరుగుదలే అనుకోవడానికి లేదు.

ఇంట్లోనే మూడు పరీక్షలు. మోకాళ్ళు వంచకుండా నేలమీద రూపాయి బిళ్ళ తీయగలదా? గడ్డం రొమ్ముకి ఆనించగలదా? రెండు చేతులూ తల వెనక కలిపి మోచేతులు పక్కలకి చాపగలదా? నడుము, మెడ, భుజాలు కూడా బిగిసి వీటిలో ఏదీ సరిగా రాకపోతే ముంజేతి ఎక్స్‌రే తీయించండి. రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనపడితే ఫ్లోరోసిస్ వైపు చూపిస్తుంది. నీళ్ళ సీసా గ్రామీణ నీటి సరఫరా ల్యాబ్‌లో ఇవ్వండి. లీటరుకి 1 మి.గ్రా. లోపు ఉండాలి, వేరే నీరు లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టర్ దాన్ని ఆపలేదు. ఆర్.ఓ. ఆపుతుంది. తాగడానికే కాదు, అన్నం పప్పు వండటానికీ ఆ నీళ్ళే వాడాలి, చాలామంది వదిలేసేది ఇక్కడే.

ఉదయగిరి_మిట్ట:

అందరికీ దండాలు. రేపు పొద్దున్నే నెల్లూరు తీసుకెళ్తున్నా, పొట్లాలు కూడా పెట్టుకున్నా. బిళ్ళ పరీక్ష చేయించా, వంగి తీసింది, మెడ, చేతులు కూడా ఆడుతున్నాయి. నీళ్ళు ల్యాబ్‌కి పంపిస్తా. ఒక్కటే అడుగుతా, తర్వాత శల్లకి మొదలెట్టాక పనిచేస్తోందని ఎట్టా తేల్చుకోవాలి? అడిగితే అమ్మ రోజుకో మాట చెబుతుంది.

మాత్రల_పెట్టె:

“ఎట్టా ఉంది” అని అడక్కండి, ఒకే పని చేయించి లెక్క రాయండి. ప్రతి ఆదివారం పొద్దున, అదే గంటకి. చేతుల్లేని గట్టి కుర్చీ గోడకి ఆనించి పెట్టి, చేతులు రొమ్ము మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చుందో లెక్కించండి. పక్కన మనిషి నిలబడాలి. వెంటనే నొప్పి పదికి ఎంతని అడిగి క్యాలెండర్ మీద రెండంకెలూ రాయండి. ఆ వారం జెల్ ఎన్నిసార్లు రాశారో, పారాసిటమాల్ ఎన్ని వేసుకుందో కూడా. మొదలెట్టకముందు రెండు ఆదివారాలు రాసి పెట్టుకుంటేనే పోల్చుకోవడానికి ఉంటుంది. 12 వారాలకి నొప్పి పదికి రెండు పాయింట్లైనా దిగకపోతే శల్లకి ఆపేయండి, ఇంకో డబ్బా కొనొద్దు. దిగితే ఒకసారి ఆపి నాలుగు వారాలు చూడండి, మళ్ళీ పైకి వస్తేనే కొనసాగించండి. కుర్చీ లెక్క కోసం లేస్తూ కూర్చుంటూ ఉంటే తొడ కండ కూడా గట్టిపడుతుంది. దాన్ని వారానికోసారి కాకుండా రోజూ రెండు పూటలా పదేసి సార్లు చేయించమని ఫిజియోని అడగండి, పొడి ప్రభావం తగ్గాక.